ఆడేటప్పుడు కంప్యూటరు ఎందుకు వేడెక్కుతుంది?

మే నెలలో చెన్నూరులో పగటి ఉష్ణోగ్రత 44, 45 సెంటిగ్రేడ్ డిగ్రీలకు చేరటం కొత్త కాదు. గోదావరి ఒడ్డున ఉన్న ఊరే అయినా, మధ్యాహ్నపు వడగాలికి వీధుల్లో మనిషి కనిపించడు. బడికి సెలవులు. ఎండలో తిరగవద్దని పెద్దలు కట్టడి చేస్తారు గనక, ఇంట్లో కంప్యూటరు ఉన్న పిల్లలు దాని ముందు చేరి ఆటలు మొదలుపెడతారు. పది నిమిషాలు గడిచేసరికి డబ్బాలోని ఫ్యాను హోరుమంటుంది. తెర మీద పరుగెత్తవలసిన బొమ్మలు ఆగి ఆగి కదులుతాయి. ఒక్కొక్కప్పుడు కంప్యూటరు ఉన్నట్టుండి ఆరిపోతుంది. అప్పుడు ఇంట్లో వినిపించే మాటలు సాధారణంగా రెండు. "ప్రాసెసర్ పోయింది, కొత్తది వేయాలె" అన్నది ఒకటి. "ఆటలాడి మిషన్ కరాబు చేసిండు" అన్నది రెండవది.

చాలా సందర్భాల్లో ఈ రెండు మాటలూ నిజం కావు. వేడి పుట్టటం ప్రాసెసర్‌కు వచ్చిన రోగం కాదు. అది దాని పనిలోనే ఉన్నది. పుట్టిన వేడి బయటికి పోయే దారి ఎక్కడో మూసుకుపోవటమే అసలు చిక్కు. ఆ దారిని మొదటినుండి చివరిదాకా తెలుసుకొన్నవారు, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే చిక్కు ఎక్కడ ఉన్నదో చాలావరకు కనిపెట్టవచ్చు. అందుకు కావలసిన భౌతికశాస్త్రం ఉన్నత పాఠశాలలో నేర్చుకొనేదాని కంటె పెద్దగా ఎక్కువ కాదు.

వేడి ఎక్కడనుండి వస్తుంది?

ప్రాసెసర్ సిలికాన్ అనే అర్ధవాహక పదార్థంతో చేసిన చిన్న పలక. దాని వైశాల్యం బొటనవేలి గోరంతో, అంతకు కొంచెం ఎక్కువో ఉంటుంది. 1971లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 4004 అనే ప్రాసెసర్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఈనాడు ఇళ్ళలో వాడే ప్రాసెసర్లలో వాటి సంఖ్య వందల కోట్లకు చేరింది. ప్రతి ట్రాన్సిస్టర్ ఒక స్విచ్చి వంటిది. అది వేసుకొన్నప్పుడు కొద్దిపాటి విద్యుదావేశం చేరుతుంది. ఆపినప్పుడు ఆ ఆవేశం ఖాళీ అవుతుంది. ఇట్లా ఒక్కసారి నిండి ఖాళీ కావటంలో ఖర్చయ్యే శక్తి అత్యల్పం. కాని కోట్ల స్విచ్చులు, సెకనుకు 300, 400 కోట్ల స్పందనల చొప్పున నడిచే గడియారాన్ని అనుసరించి పనిచేస్తూ ఉంటే, ఆ అత్యల్పాల మొత్తం 100 వాట్ల దాకా పోతుంది.

ఈ 100 వాట్లు ఏమవుతాయి? విద్యుత్ మోటారు నీటిని పైకి తోడుతుంది. దీపం వెలుగునిస్తుంది. ప్రాసెసర్ బరువు ఎత్తదు, వెలుగు ఇవ్వదు. అంకెలను మార్చటమే దాని పని. అందువల్ల అది తీసుకొన్న విద్యుచ్ఛక్తి దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. 100 వాట్లు తీసుకొనే ప్రాసెసర్, వేడి విషయంలో 100 వాట్ల హీటరుతో సమానం.

ఇక్కడ వేడి పరిమాణం కంటె అది పుట్టే చోటు ముఖ్యం. బట్టలు ఇస్త్రీ చేసే 750 వాట్ల పెట్టె అడుగు వైశాల్యం సుమారు 150 చదరపు సెంటీమీటర్లు అనుకొందాం. అంటే చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. 100 వాట్లను 2 చదరపు సెంటీమీటర్ల పలకలో పుట్టించే ప్రాసెసర్‌లో చదరపు సెంటీమీటరుకు 50 వాట్లు. ఇస్త్రీ పెట్టె అడుగున కంటె పది రెట్లు! ఈ వేడిని ఎప్పటికప్పుడు తీసివేయకపోతే ఏమవుతుందో ఊహించటం కష్టం కాదు.

ఆటకు ఉన్న ప్రత్యేకత

ఉత్తరం టైపు చేసేటప్పుడు కంప్యూటరు ఇంతగా వేడెక్కదు. ఒక అక్షరం మీటకూ మరొక అక్షరం మీటకూ నడుమ మనిషికి కొద్ది క్షణమే. ప్రాసెసర్‌కు అది చాలా పెద్ద విరామం. ఆ విరామంలో అది తనలోని అనేక భాగాలను నిద్రపుచ్చుతుంది. అప్పుడు అది తీసుకొనేది కొద్ది వాట్లు మాత్రమే.

ఆటలో ఇటువంటి విరామం ఉండదు. తెర మీద కదలిక కనిపించాలంటే సెకనుకు 60 బొమ్మలు గీయాలి. అంటే ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి 17 మిల్లీసెకన్ల కంటె తక్కువ. ఆ లోపలే ప్రాసెసర్ ప్రతి మనిషి, ప్రతి వాహనం ఎక్కడ ఉన్నదో, ఏది దేనిని తాకిందో లెక్కకట్టి బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్‌కు అందించాలి. అది అయిన మరుక్షణం తరువాతి బొమ్మ లెక్క మొదలు. గ్రాఫిక్స్ చిప్ కూడా పక్కనే వేడెక్కుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ రెండింటి వేడినీ ఒకే రాగి గొట్టాలు మోయవలసి ఉంటుంది.

మరొక సంగతి కూడా ఉన్నది. ప్రాసెసర్ తీసుకొనే సామర్థ్యం దాని పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజి కూడా పెంచవలసి వస్తుంది. కాబట్టి వేగం పెరిగినదానికంటె వేడి ఎక్కువగా పెరుగుతుంది. దీనికి మేలైన మరొక వైపు కూడా ఉన్నది. వేగాన్ని 20 శాతం, వోల్టేజిని 10 శాతం తగ్గించామనుకొందాం. అప్పుడు సామర్థ్యం 0.8 × 0.9 × 0.9, అంటే సుమారు 0.65 వంతు అవుతుంది. వేగంలో అయిదో వంతు వదులుకొంటే, వేడిలో మూడో వంతుకు పైగా తగ్గుతుందన్నమాట.

వేడి నడిచే దారి

మంచిర్యాల నుండి చెన్నూరుకు వచ్చే దారిలో, జైపూర్ వద్ద సింగరేణి సంస్థవారి థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నది. అక్కడ 600 మెగావాట్ల యూనిట్లు రెండు 2016 నుండి పనిచేస్తున్నాయి. ఇటువంటి కేంద్రాల్లో బొగ్గు మండగా వచ్చిన వేడిలో సగానికంటె తక్కువే విద్యుత్తుగా మారుతుంది. మిగిలినదానిలో పెద్దభాగాన్ని నీటి సహాయంతో బయటికి పంపవలసిందే. ఆ ఏర్పాటు ఆగితే కేంద్రం ఆగుతుంది. ఆ విద్యుత్తుతో ఇంట్లో నడిచే గోరంత చిప్‌కు కూడా నియమం అదే. అక్కడ వేడిని మోసేది నీరు. ఇక్కడ మోసేవి లోహమూ, గాలీ.

ప్రాసెసర్‌లో పుట్టిన వేడి ముందుగా దాని పైనున్న లోహపు మూతకు పాకుతుంది. అక్కడనుండి హీట్ సింక్ అనే లోహపు దిమ్మెకు పోతుంది. ఇదంతా ఉష్ణవహనం. హీట్ సింక్‌కు పలుచని రేకులు అనేకం ఉంటాయి. గాలి తగిలే వైశాల్యాన్ని పెంచటమే వాటి ప్రయోజనం. ఫ్యాను ఆ రేకుల నడుమనుండి గాలిని తోస్తుంది. వేడెక్కిన గాలి డబ్బాలోకి, డబ్బానుండి గదిలోకి పోతుంది. ఇది సంవహనం.

మూతకూ హీట్ సింక్‌కూ నడుమ ఉన్న చోటు ఈ దారిలో మొదటి ఇరుకు. చూపుకు నున్నగా ఉన్నా, ఏ లోహపు తలమూ నిజంగా సమతలం కాదు. రెండింటిని ఆనించినప్పుడు సందుల్లో గాలి మిగిలిపోతుంది. రాగి ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు సుమారు 400 వాట్లు, గాలిది 0.026 మాత్రమే. ఆ గాలిని వెళ్ళగొట్టి సందులను నింపటానికే థర్మల్ పేస్ట్ పూస్తారు. దాని వాహకత రాగికి సాటిరాదు గాని, గాలికంటె వంద రెట్లకు పైగా మేలు. కొన్నేళ్ళకు పేస్ట్ ఎండి పగుళ్ళు పారితే, ఆ పగుళ్ళలోకి మళ్ళీ గాలి చేరుతుంది.

రెండవ ఇరుకు రేకుల నడుమ ఉన్నది. పత్తి పండే ఈ ప్రాంతంలో నూగు, వేసవి దుమ్ము కలిసి రేకుల మీద దుప్పటిలా పేరుకొంటాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. గాలి మాత్రం లోపలికి దూరదు.

ఈ దారి ఎంత సుగమంగా ఉన్నదో ఒక్క అంకెతో చెప్పవచ్చు. ఒక్కొక్క వాటుకు ప్రాసెసర్ గది గాలికంటె ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందో ఆ అంకెను ఉష్ణనిరోధం అంటారు. విద్యుత్తులో ఓమ్ నియమం ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. ఉదాహరణకు నిరోధం వాటుకు 0.4 డిగ్రీలు అనుకొంటే, 100 వాట్ల వద్ద ప్రాసెసర్ గదికంటె 40 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. చలికాలంలో గది 30 డిగ్రీలైతే ప్రాసెసర్ 70. మే నెలలో గది 42 అయితే ప్రాసెసర్ 82. రెండూ క్షేమమే. ఇప్పుడు దుమ్ము పేరుకొని నిరోధం 0.6కు పెరిగిందనుకొందాం. చలికాలంలో 90 డిగ్రీలు. ఎవరికీ ఏమీ తెలియదు. మే నెలలో 102 డిగ్రీలు. చాలా ప్రాసెసర్ల హద్దు దాటిపోయింది. దుమ్ము చేరింది ఎప్పుడో. బయటపెట్టింది మే నెల. "మొన్నటిదాకా బాగానే నడిచింది" అనే మాటకు సమాధానం ఇక్కడే ఉన్నది.

ఈ లెక్కలోనుండి మరొక సత్యం కూడా తేలుతుంది. ఫ్యాను ఎంత జోరుగా తిరిగినా ప్రాసెసర్‌ను గది గాలికంటె చల్లగా చేయలేదు. ఫ్యాను కింద మనిషికి చల్లగా ఉండటానికి ముఖ్య కారణం చెమట ఆవిరి కావటం. ప్రాసెసర్‌కు చెమట పట్టదు.

ప్రాసెసర్ తనను తాను కాపాడుకొనే తీరు

వేడి కంప్యూటర్లకు కొత్త శత్రువు కాదు. 1946లో అమెరికాలో లోకానికి చూపిన ఎనియాక్ యంత్రంలో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తు తీసుకొనేది. దానికి గాలి తోలటానికే ప్రత్యేకంగా ఫ్యాన్లు పెట్టవలసి వచ్చింది. ట్రాన్సిస్టర్ వచ్చి ఈ బాధను ఎంతో తగ్గించింది. కాని ట్రాన్సిస్టర్ల సంఖ్యా, వేగమూ పెరిగినకొద్దీ వేడి తిరిగి వచ్చింది. 2004లో ఇంటెల్ సంస్థ అంతకంతకు వేగం పెంచే ఒక ప్రాసెసర్ ప్రయత్నాన్నే విరమించి, ఒకే చిప్‌లో రెండు మూడు ప్రాసెసర్లను అమర్చే మార్గానికి మళ్ళింది. ఆ మలుపుకు ముఖ్య కారణాల్లో వేడి ఒకటి.

ఈనాటి ప్రాసెసర్లలో ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాట్లు సిలికాన్‌లోనే ఉంటాయి. నిర్ణీతమైన హద్దు, అంటే సాధారణంగా 95 నుండి 105 డిగ్రీల నడుమ ఉన్న ఒక అంకె రాగానే, ప్రాసెసర్ తనంతట తానే వేగాన్నీ వోల్టేజినీ తగ్గించుకొంటుంది. ఆటలో బొమ్మలు ఆగి ఆగి కదలటానికి ఇది ఒక కారణం. అప్పటికీ వేడి తగ్గకపోతే కంప్యూటరును పూర్తిగా ఆపివేస్తుంది. కాబట్టి ఆరిపోయిన కంప్యూటరు పాడైన కంప్యూటరు అని తొందరపడి అనుకోగూడదు. అది ఇంకా పాడుకాకుండా తనను కాపాడుకొన్నది. అయితే ఈ రక్షణ ఉన్నది గదా అని ఏళ్ళతరబడి హద్దు దగ్గరే నడిపిస్తే, ప్రాసెసర్‌కూ దాని చుట్టూ ఉన్న భాగాలకూ ఆయుష్షు తగ్గుతుంది.

చిక్కు ఎక్కడున్నదో కనిపెట్టటం

ప్రాసెసర్ ఉష్ణోగ్రతను తెర మీద చూపే ఉచిత ప్రోగ్రాములు దొరుకుతాయి. గదికి ఒక థర్మామీటరు, చేతిలో ఒక గడియారం ఉంటే పరీక్ష మొదలుపెట్టవచ్చు. ఎంత వేడెక్కింది అన్నదానికంటె ఎంత త్వరగా వేడెక్కింది అన్న ప్రశ్న ఎక్కువ విషయం చెబుతుంది.

హీట్ సింక్ బరువు 500 గ్రాములు, అది అల్యూమినియం అనుకొందాం. అల్యూమినియం విశిష్టోష్ణం గ్రాముకు సుమారు 0.9 జౌళ్ళు. దిమ్మెను ఒక డిగ్రీ వేడిచేయటానికి 450 జౌళ్ళు కావాలి. 100 వాట్లు అంటే సెకనుకు 100 జౌళ్ళు. గాలి బొత్తిగా ఆడకపోయినా, దిమ్మె ఒక్క డిగ్రీ పెరగటానికి నాలుగున్నర సెకన్లు, 20 డిగ్రీలు పెరగటానికి ఒకటిన్నర నిమిషం పడుతుంది. సిలికాన్ పలక బరువు మాత్రం ఒక గ్రాముకు లోపే. దానికి దారి మూసుకుపోతే సెకన్లలోనే ఎగిరిపోతుంది.

ఆట మొదలైన వెంటనే ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల దాకా ఎగబాకటం సహజమే. అట్లా కాక రెండు మూడు సెకన్లలోనే హద్దును తాకితే, వేడి దిమ్మెదాకా చేరటం లేదని అర్థం. హీట్ సింక్ సరిగా కూర్చోలేదు, లేదా దాని మేకొకటి ఊడింది, లేదా పేస్ట్ ఎండిపోయింది. హీట్ సింక్‌ను తాకి చూస్తే అది చల్లగానే ఉండటం దీనికి మరొక గుర్తు. అయితే తాకవలసింది కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే. ఆట మొదలైన పది పదిహేను నిమిషాల మీద మెల్లమెల్లగా పెరిగితే, వేడి దిమ్మెదాకా వచ్చింది గాని గాలి దాన్ని మోసుకుపోవటం లేదు. దుమ్ము, ఫ్యాను, డబ్బా ఉన్న చోటు, వీటిని చూడాలి. డబ్బా పక్క పలక తీసి మళ్ళీ ఆడి చూసినప్పుడు ఉష్ణోగ్రత బాగా తగ్గితే, డబ్బాలో గాలి ఆడటం లేదని తేలిపోతుంది. ఆ సమయంలో లోపల చేయి పెట్టగూడదు.

చేయవలసినవి, చేయగూడనివి

ఖర్చులేని పనులను ముందు చేయటం మంచిది. డబ్బాను గోడకు ఆనించి గాని, తలుపున్న బల్ల అరలో గాని ఉంచగూడదు. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, బొంత మీద పెడితే అడుగున గాలి పోయే రంధ్రాలు మూసుకుపోతాయి. గట్టి పలక మీద, వెనుకవైపు కొంచెం ఎత్తుగా ఉంచాలి.

తరువాతి పని దుమ్ము తుడవటం. ప్లగ్గు తీసి, డబ్బాను ఆరుబయటికి తెచ్చి, మెత్తని బ్రష్షుతో రేకులను శుభ్రం చేయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి. లేకపోతే అది విపరీతంగా తిరిగి దాని ఇరుసు దెబ్బతింటుంది. తడిగుడ్డ వాడగూడదు.

ఆటలోనే ఉన్న మరొక ఉపాయం చాలామంది గమనించరు. సెకనుకు గీయవలసిన బొమ్మల సంఖ్యకు హద్దు పెట్టకపోతే, కొన్ని ఆటలు తెర చూపగలిగినదానికంటె ఎన్నో ఎక్కువ బొమ్మలు గీస్తూ ఉంటాయి. కంటికి అందని ఆ బొమ్మలు వేడిగా మాత్రం మిగులుతాయి. ఆ సంఖ్యను 60కి నిలిపితే ఆటలో తేడా కొద్దిగానే తెలుస్తుంది. వేడి బాగా తగ్గవచ్చు. కంప్యూటరు విద్యుత్ ఏర్పాట్లలో ప్రాసెసర్ గరిష్ఠ వేగాన్ని కొంచెం తగ్గించటానికి కూడా వీలుంటుంది. పైన చెప్పిన దుమ్ము పట్టిన ఉదాహరణలో 100 వాట్లను 65కు తగ్గిస్తే, 42 డిగ్రీల గదిలో కూడా ప్రాసెసర్ 81 డిగ్రీల దగ్గర నిలుస్తుంది.

వీటివల్ల ప్రయోజనం లేకపోతే, హీట్ సింక్ విప్పి పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి బిగించాలి. పేస్ట్ పని సందులు నింపటమే గనక, ఎక్కువ పూస్తే మేలు లేదు. ఈ పని అలవాటు లేనివారు తెలిసినవారి చేత చేయించుకోవాలి. ల్యాప్‌టాప్ విషయంలో ఇది మరీ అవసరం. కొత్త హీట్ సింక్ కొనటం దీని తరువాతి మాట. కొత్త ప్రాసెసర్ అన్నిటికంటె చివరి మాట.

వేసవిలో చాలా ఇళ్ళలో ఉండే నీటి కూలర్ కంప్యూటరుకు కూడా సహాయపడుతుంది. పొడిగాలిలో నీరు ఆవిరై గదిని చల్లబరుస్తుంది. గది ఎన్ని డిగ్రీలు తగ్గితే ప్రాసెసర్ కూడా సుమారు అన్ని డిగ్రీలు తగ్గుతుంది. కాని కూలర్ గాలి డబ్బా మీదికి తిన్నగా కొట్టగూడదు. ఆ గాలితో వచ్చే నీటి తుంపరలు విద్యుత్ భాగాల మీద పడితే నష్టం ఖాయం. ల్యాప్‌టాప్ కింద మంచు గడ్డలు ఉంచటం అంతకంటె ప్రమాదం. చల్లని లోహం మీద గాలిలోని ఆవిరి నీరై చేరుతుంది.

తరగతిలో ఒక ప్రయోగం

ఉపాధ్యాయులు దీనిని ఒక పాఠంగా మార్చుకోవచ్చు. పాఠశాలలోని ఒక కంప్యూటరు మీద బరువైన పని ఏదైనా నడిపించి, గది ఉష్ణోగ్రతనూ ప్రాసెసర్ ఉష్ణోగ్రతనూ నిమిషానికొకసారి చొప్పున ఇరవై నిమిషాలు విద్యార్థుల చేత రాయించాలి. ఆ అంకెలతో గ్రాఫు గీయించాలి. మరునాడు కంప్యూటరు ఆపి దుమ్ము తుడిపించి, అదే పనిని తిరిగి నడిపించి, రెండవ గ్రాఫును మొదటిదాని పక్కనే గీయించాలి. రెండు వక్రరేఖలూ మొదట్లో నిటారుగా లేచి, తరువాత చదునవుతాయి. పుట్టే వేడీ పోయే వేడీ సమానమైన చోటు అదే. రెండు చదునులకూ నడుమ ఉన్న తేడాయే దుమ్ము చేసిన చెరుపు.

ఆ రెండు గీతలను ఒకసారి తన చేత్తో గీసిన విద్యార్థి, ఇంట్లో కంప్యూటరు ఆరిపోయిన రోజున కొత్త ప్రాసెసర్ కొనిపెట్టమని తండ్రిని అడగడు. ముందు గడియారం చూస్తాడు, తరువాత బ్రష్షు తీస్తాడు.